మిర్చి బస్తాకి పౌరసత్వం

యూరోపియన్ యూనియన్ సింగిల్ మార్కెట్ చట్టం చదవాలంటే ముందు మద్యం సరుకుల మీద కాస్త పట్టుండాలి. వెటకారం కాదు, సిలబస్ అలాగే ఉంది. మొదటి పాఠం స్కాచ్ విస్కీ. రెండోది ఫ్రెంచి బ్లాక్‌కరెంట్ లిక్కర్. మూడోది జర్మనీ బీరు. ఆపైన డెన్మార్క్ సీసాలు, బ్రిటన్ వైన్ మీద వేసిన పన్ను, స్వీడన్ సర్కారువారి మద్యం దుకాణం వరసగా వస్తాయి. మన ఎక్సైజ్ ఎస్సై సర్వీసంతా తిరిగి చూసే సరుకుని అక్కడ ఎల్‌ఎల్‌ఎం కుర్రాడు ఒక్క సెమిస్టర్‌లో చూసేస్తాడు. ఒక్క మూతా తీయకుండానే పట్టా పుచ్చుకుంటాడు.

పట్టా మాత్రం ఘనమైనదే. "మావాడు యూరప్‌లో పెద్ద లా చేస్తున్నాడండీ" అని తండ్రిగారు పెళ్ళిపందిట్లో చెబుతారు. "క్రిమినలా, సివిలా?" అని అవతలాయన అడుగుతారు. తండ్రిగారు మంచినీళ్ళు తాగుతారు. ఆ ప్రశ్నకి ప్రొఫెసర్‌గారి దగ్గరా ఒక్క ముక్కలో జవాబుండదు. 1957లో రోమ్‌లో ఆరు దేశాలు కూర్చుని సంతకం పెట్టిన ఒప్పందం దగ్గర మొదలుపెట్టి, ఇది అంతర్జాతీయ చట్టమూ కాదు, దేశీయ చట్టమూ కాదు, తనదైన ఒక కొత్త న్యాయవ్యవస్థ అని నలభై నిమిషాలు చెప్పి, మిగతాది వచ్చే వారం అంటారు.

ముందు విస్కీ కథ. బెల్జియంలో దసోన్‌విల్ అనే తండ్రీకొడుకులు వ్యాపారం చేసేవారు. ఫ్రాన్సులో అప్పటికే చలామణీలో ఉన్న స్కాచ్‌ని కొని బెల్జియం తెచ్చారు. ఇది నిజంగా స్కాట్లండ్‌దేనని బ్రిటిష్ అధికారుల పత్రం చూపించమంది బెల్జియం. నేరుగా స్కాట్లండ్ నుంచి తెప్పించుకునే పెద్ద డీలరుకి ఆ కాగితం తేలిక. ఫ్రాన్సులో కొన్నవాడికి గగనం. తండ్రీకొడుకులు ఆలోచించి కాగితం సంగతి తామే చూసుకున్నారు. ఫోర్జరీ కేసు పడింది. మన దగ్గరైతే ఇలాంటిది ఆఫీసు గుమ్మం దగ్గరే తేలిపోయేది. అక్కడ లగ్జెంబర్గ్‌లో ఉన్న ఐరోపా కోర్టు దాకా వెళ్ళింది. వెళ్ళినందుకు 1974లో ఒక మహాసూత్రం పుట్టింది: సభ్యదేశాల మధ్య వర్తకానికి నేరుగా గానీ చుట్టుతిరిగి గానీ, ఇవాళ గానీ రేపెప్పుడో గానీ అడ్డొచ్చే అవకాశమున్న వ్యాపార నిబంధన ఏదైనా దిగుమతి కోటాతో సమానమే. సరైన సాకు చూపించలేకపోతే చెల్లదు. ఈ వాక్యాన్ని విద్యార్థి నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఫోర్జరీ చేసినవాళ్ళు చరిత్రలో నిలిచిపోయారు. నిజాయితీగా కాగితం తెచ్చుకున్న డీలరు పేరు ఎవరికీ గుర్తు లేదు.

1979లో లిక్కర్ వచ్చింది. కాసిస్ ద దిజోన్. అందులో ఆల్కహాల్ 15 నుంచి 20 శాతం. పండ్ల లిక్కర్‌లో కనీసం 25 శాతం ఉంటేనే అమ్మనిస్తామని జర్మనీ పట్టుబట్టింది. గమనించండి, కనీసం! మత్తు ఎక్కువైందని కాదు, చాల్లేదని అభ్యంతరం. ఎందుకయ్యా అంటే ప్రజారోగ్యం అంది. పల్చటి మందు దొరికితే జనానికి మెల్లమెల్లగా తాగుడు అలవాటవుతుందట. చిక్కటి మందుతో ఆ బెడద లేదని భావం. మన రాష్ట్రాల్లో మద్యం మీద ఎక్కని వాదన లేదు. సారా వద్దన్నవాళ్ళూ, మద్యనిషేధం పెట్టినవాళ్ళూ, ఎత్తేసినవాళ్ళూ, దుకాణాలు సర్కారే నడపాలన్నవాళ్ళూ అందరూ వచ్చి వెళ్ళారు. ఆరోగ్యం కోసం మందు చిక్కగా ఉండాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కోర్టు కూడా అంతే గంభీరంగా బదులిచ్చింది. జర్మనీలో అమ్ముడుపోయే చిక్కటి మందులో చాలా భాగం జనం పల్చన చేసుకునే తాగుతున్నారు కదా అంది. ఆ వాక్యం రాసేటప్పుడు న్యాయమూర్తులు నవ్వుకున్నారో లేదో తీర్పుల్లో ఉండదు.

అక్కణ్ణుంచే పరస్పర గుర్తింపు అనే సిద్ధాంతం పుట్టింది. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడుపోయే సరుకుని ఇంకో సభ్యదేశం గట్టి కారణం లేకుండా ఆపకూడదు. ఒప్పుకుని తీరాలి, చక్కటి సిద్ధాంతం. దీంతో దేశదేశాల మూఢత్వాలు వరసగా బోనెక్కాయి. మార్గరీన్ ఘనాకారపు డబ్బాలోనే అమ్మాలి, లేకపోతే మా జనం వెన్న అనుకుంటారంది బెల్జియం. 1982లో ఆ ఘనాకారం కూలింది. 1516 నాటి బవేరియా శుద్ధి నియమం ప్రకారం కాచినదే బీరు, మిగతాది బీరు కాదంది జర్మనీ. పైగా మావాళ్ళు మరీ ఎక్కువ తాగుతారు కాబట్టి అందులో ఏ రసాయనం కలిసినా మాకే ఎక్కువ ప్రమాదం అని వాదించింది. ఒక ప్రభుత్వం తన పౌరుల గురించి కోర్టులో చెప్పుకోదగ్గ మాటేనా? 1987లో అదీ వీగిపోయింది. 2009 వచ్చేసరికి ఇటలీలో మోటారుసైకిలు వెనక ట్రైలరు తగిలించవచ్చా, స్వీడన్ నీళ్ళలో జెట్‌స్కీ ఎక్కడ నడపాలి అనేవి కూడా ఈ సూత్రం కిందికే వచ్చాయి.

మధ్యలో 1993లో కోర్టుకే విసుగొచ్చింది. నష్టానికి సరుకు అమ్మడాన్ని నిషేధించిన ఫ్రెంచి చట్టం మీద కెక్, మిథువార్ అనే ఇద్దరు దుకాణం మేనేజర్లు ఈ సూత్రమే పట్టుకుని వచ్చారు. ఇంతవరకు చెప్పినదానికి భిన్నంగా చెబుతున్నాం, సరుకు ఎలా ఉండాలన్నది వేరు, ఎలా అమ్మాలన్నది వేరు అని కోర్టు గీత గీసింది. ఏ పాత తీర్పుకి భిన్నంగా చెబుతోందో మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క మౌనం మీద ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని పీహెచ్‌డీలు బతుకుతున్నాయో ప్రపంచంలోని ఏ ఉపాధి పథకమూ చూపించలేదు.

విద్యార్థిని మరీ తెలివిగా తికమక పెట్టిన పని ఇంకోటుంది. రోమ్ ఒప్పందంలో దిగుమతి ఆంక్షల్ని నిషేధించేది 30వ అధికరణం, దానికి మినహాయింపులిచ్చేది 36. ఆమ్‌స్టర్‌డామ్ ఒప్పందం అమల్లోకొచ్చిన 1999 మే 1న నంబర్లు మారిపోయాయి. నిషేధం 28 అయింది, మినహాయింపులు 30 అయ్యాయి. లిస్బన్ ఒప్పందం వచ్చిన 2009 డిసెంబరు 1న మళ్ళీ మారాయి. నిషేధం 34కి ఎక్కింది. మినహాయింపులు బుద్ధిగా తమ పాత ఇల్లు 36కి తిరిగొచ్చాయి. ఖాళీ అయిన 30లోకి కస్టమ్స్ సుంకాలు చేరాయి. అంటే లైబ్రరీలో 30 అని కనిపిస్తే ఆ పుస్తకం ఏ సంవత్సరం అచ్చయిందో చూస్తే గానీ అది వద్దంటోందో, పర్వాలేదంటోందో, సుంకం అంటోందో తెలీదు. చట్టం మారిందా? పెద్దగా లేదు. పుస్తకాలు మాత్రం మారాయి. కొత్త ఎడిషన్ కొనకుండా సెకండ్‌హ్యాండ్‌తో సరిపెట్టుకుందామనుకునే పేద విద్యార్థికి ఇంతకన్నా పకడ్బందీ వాణిజ్య ఆటంకం ఇంకోటి లేదు. దాని మీద మాత్రం ఎవరూ లగ్జెంబర్గ్ వెళ్ళలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. నవ్వడానికి ఫీజు కట్టనక్కర్లేదు.

ఈ పాఠాల్లోనే 1976 నాటి డాంకర్‌వోల్కే అనే కేసొకటుంది. ఎవరూ దాని దగ్గర ఎక్కువసేపు ఆగరు. సిరియా, లెబనాన్ నుంచి వచ్చిన గుడ్డ బెల్జియంలో దిగి, అక్కణ్ణుంచి ఫ్రాన్సుకి వెళ్ళింది. దీని పుట్టుపూర్వోత్తరాలేమిటని ఫ్రాన్సు ఆరా తీసింది. కోర్టు తేల్చిందేమిటంటే, బయటి దేశపు సరుకైనా సరే, ఏదో ఒక సభ్యదేశంలో సుంకం కట్టి దిగుమతి లాంఛనాలు పూర్తి చేసుకుని చలామణీలోకి వచ్చిందంటే అది పూర్తిగా, శాశ్వతంగా, ఐరోపాలోనే పుట్టిన సరుకుతో సమానం. నేటి ఒప్పందంలో 28, 29 అధికరణాలు చెప్పేదీ అదే.

గుంటూరు మిర్చి బస్తా ఒకటి రాటర్‌డామ్ రేవులో దిగిందనుకుందాం. పురుగుమందు అవశేషాల పరీక్ష, బూజు విషాల పరీక్ష పాసైంది, సుంకం కట్టారు. ఆ సాయంత్రానికి ఇరవై ఏడు దేశాలూ దానికి స్వదేశాలే. బెల్జియం వెళ్తుందా, వెళ్తుంది. వియన్నాలో కారప్పొడి అవుతుందా, అవుతుంది. హంగేరీ మిరపపొడి పక్కన ఒకే అరలో కూర్చుంటుందా, దర్జాగా కూర్చుంటుంది. నీదే ఊరు, ఎన్నాళ్ళుంటావు, బ్యాంకులో ఎంతుంది, తిరుగు టికెట్టేదీ అని అడిగే నాథుడుండడు.

ఇప్పుడు ఆ మిర్చి పండించిన రైతు కూతురి సంగతి చూద్దాం. ఆ అమ్మాయి సరిగ్గా ఈ చట్టమే చదవడానికి నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ లాంటి ఊరికి వెళ్తుంది. 1992లో యూరోపియన్ యూనియన్‌ని పుట్టించిన ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఊరది. అంత పుణ్యక్షేత్రం. వెళ్ళీవెళ్ళగానే తెలిసేదేమిటంటే, పక్క కుర్చీలోని జర్మనీ పిల్లకి చట్టం నిర్ణయించిన ఫీజు. ఈ పిల్లకి దానికి ఎన్నో రెట్లు. పాఠం ఒకటే, ప్రొఫెసర్ ఒకరే, హీటరు కూడా ఒకటే. సాయంత్రం హోటల్లో ప్లేట్లు కడుగుదామంటే చదువుకాలంలో వారానికి 16 గంటలకి మించకూడదు, ఆ మాత్రానికీ యజమాని ముందుగా పర్మిట్ తెచ్చుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకని యజమాని జర్మనీ పిల్లనే పెట్టుకుంటాడు. బెల్జియం సరిహద్దు సైకిలు మీద వెళ్ళేంత దూరం. అమ్మాయి వెళ్ళవచ్చు, చాక్లెట్ కొనుక్కోవచ్చు, ఫొటో దిగవచ్చు. అక్కడ ఉద్యోగం చేస్తానంటే మాత్రం కుదరదు. తండ్రి పండించిన బస్తా ఆమెను దాటుకుని లారీలో వెళ్ళిపోతుంది.

మర్నాడు క్లాసులో కార్మికుల స్వేచ్ఛా సంచారం పాఠం. 1982 నాటి లెవిన్ కేసు. ఒక బ్రిటిష్ ఆవిడ నెదర్లాండ్స్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే పార్ట్‌టైమ్ పనిలో ఉంది. జీతం అక్కడి కనీసపు ఆదాయానికి కూడా తక్కువ. ఇది కూడా ఒక పనేనా, నివాస అనుమతి ఇవ్వం అన్నారు అధికారులు. కోర్టు కన్నెర్ర చేసింది. పని నిజమైనదైతే చాలు, పార్ట్‌టైమా, జీతమెంత అనేవి అనవసరం, ఆవిడ కార్మికురాలే, హక్కులన్నీ ఆవిడవే అంది. ప్రొఫెసర్‌గారి గొంతు ఇక్కడ కాస్త గద్గదమవుతుంది. క్లాసులో అదే పార్ట్‌టైమ్ పనికి పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి, లెవిన్ తీర్పులో ఆరు మార్కులకి వచ్చే పాయింట్లు రాసుకుంటుంది.

తర్వాతి వారం 1985 నాటి గ్రావియే కేసు. ఒక ఫ్రెంచి అమ్మాయి బెల్జియంలోని లీజ్‌లో బొమ్మల కథలు గీయడం నేర్చుకోవడానికి చేరింది. విదేశీ విద్యార్థులకి మాత్రమే ఉన్న అదనపు ఫీజు కట్టమన్నారు. సాటి సభ్యదేశపు విద్యార్థి దగ్గర జాతీయత చూసి ఫీజు గుంజడం వివక్ష అని కోర్టు కొట్టేసింది. బొమ్మల కథలకి దక్కిన న్యాయం అది. ఆ తీర్పుని చదవడానికి జాతీయత చూసి వసూలు చేసిన ఫీజు కట్టి కూర్చున్న మన అమ్మాయి చెయ్యెత్తి, "మరి మా సంగతి, సర్?" అంటుంది. మంచి ప్రశ్న అంటారు ప్రొఫెసర్‌గారు. అది ఇమిగ్రేషన్ లా కిందికొస్తుంది, వచ్చే సెమిస్టర్‌లో ఎలక్టివ్‌గా తీసుకోవచ్చు అంటారు.

ఈ చదువులో దాగిన కిటుకు ఇదే. సరుకుని ఒక పుస్తకంలో పెట్టి, సరుకు తయారు చేసినవాణ్ణి ఇంకో పుస్తకంలో పెట్టి, రెండూ ఒకే రోజు టైంటేబుల్లో పడకుండా చూసుకుంటారు. స్వేచ్ఛ పుస్తకంలో బయటివాడు కనిపించడమే తక్కువ. కనిపించినా ఎవరికో ఒకరికి చుట్టంగా కనిపించాలి. 1992లో మన భారతీయుడొకడు లగ్జెంబర్గ్‌లో గెలిచాడు. సురిందర్ సింగ్. ఎలా గెలిచాడు? బ్రిటిష్ ఆవిడ భర్తగా. ఆవిడ జర్మనీలో కొన్నాళ్ళు పని చేసొచ్చింది కాబట్టి, ఆవిడ హక్కుకి అనుబంధంగా ఈయనకీ ఉండనిచ్చారు. ఇంకో చోట బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన పసిపాప హక్కు పుణ్యమా అని చైనా తల్లి నిలబడింది. మరో చోట బెల్జియం కంపెనీ తన మనుషుల్ని ఫ్రాన్సులో పనికి పంపుకునే హక్కు పుణ్యమా అని మొరాకో కూలీలు సరిహద్దు దాటారు. భర్తగా, తల్లిగా, కంపెనీ మనిషిగా రావచ్చు. ఒక్కడిగా వస్తే ఎలక్టివ్.

సభ్యదేశాల కూలీకైనా ఇది స్వర్గమా అంటే, 2007 డిసెంబరు నాటి రెండు తీర్పులు చూడండి. ఫిన్లాండ్ నుంచి ఎస్టోనియాకి తిరిగే రోసెల్లా అనే ఓడని జీతాలు తక్కువని ఎస్టోనియా జెండా కిందికి మార్చాలనుకుంది వైకింగ్ కంపెనీ. కార్మికుల యూనియన్ సమ్మె అంది. రెండో కేసులో స్వీడన్‌లోని వాక్స్‌హోమ్‌లో బడి కట్టడానికి లాత్వియా నుంచి మనుషుల్ని దింపింది లావల్ కంపెనీ. మా ఒప్పందం మీద సంతకం పెట్టందే పని సాగదని స్వీడన్ యూనియన్ అడ్డుకుంది. సమ్మె హక్కు ప్రాథమిక హక్కేనని కోర్టు ముందుగా నమస్కారం పెట్టింది. తర్వాత ఆ సమ్మె కంపెనీ స్వేచ్ఛకి ఆటంకం కాబట్టి తగిన కారణం ఉందా, హద్దు మీరిందా అని తూకం వేస్తామంది. లావల్ తూకంలో ఓడింది యూనియనే. పరిహారం కట్టింది కూడా యూనియనే. విస్కీకి అడ్డొచ్చిన కాగితాన్ని కొట్టేసిన సూత్రంతోనే కూలీ నినాదాన్నీ తూచారు. సిలబస్‌లో కాసిస్‌కి రెండు వారాలు, వైకింగ్, లావల్ రెంటికీ కలిపి చివరి అరగంట. అది కూడా టైముంటే.

ఇక బ్రిటన్. అక్కడ లాయర్ కావాలంటే చదవాల్సిన ఏడు పునాది సబ్జెక్టుల్లో ఈయూ చట్టం ఒకటిగా ఉండేది. తరాల తరాల పిల్లలు దసోన్‌విల్ సూత్రం బట్టీ పట్టారు. 2016 జూన్ 23న వాళ్ళ తాతలూ బామ్మలూ వెళ్ళి 51.9 శాతంతో ఆ సబ్జెక్టుకి టీసీ ఇచ్చేశారు. యూనివర్సిటీలు బెదిరాయా? బెదరలేదు. ఉండటం మీద ఉన్న కోర్సు పోయి, బయటికి రావడం మీద కోర్సు వచ్చింది. బయటికొచ్చాక పాత ఈయూ చట్టాల్ని ఇంట్లోనే ఉంచుకుని, ముందు ఒక పేరు పెట్టి, 2024 జనవరి 1 నుంచి ఇంకో పేరు పెట్టారు. ఫీజు మారలేదు, మారితే పైకే. 2021 జనవరిలో డచ్చి రేవులో కస్టమ్స్ అధికారి బ్రిటన్ నుంచి వచ్చిన ఒక డ్రైవరు చేతిలోని హ్యామ్ శాండ్‌విచ్‌లు లాక్కున్న దృశ్యం టీవీలో వచ్చింది. బ్రెడ్డయినా వదిలెయ్యండి అన్నాడు పాపం. వదల్లేదు. ఇన్నాళ్ళూ మనం నిలబడ్డ క్యూలో వాళ్ళు కొత్తగా చేరారు. కాస్త జరిగి చోటివ్వడం మన మర్యాద.

ఈ సందర్భంగా పరీక్షల్లో ఇచ్చే సమస్యల ప్రశ్న గురించి ఒక మాట. ఎప్పుడూ ఏదో ఊహాదేశం గులాబీరంగు మార్గరీన్‌ని నిషేధిస్తుంది, వ్యాపారికి సలహా ఇవ్వండి అంటారు. ఊహ ఎందుకండీ? నేనిస్తాను అసలైన ప్రశ్న. విజయవాడ నుంచి ఒక తల్లి కూతురి పెట్టెలో ఆవకాయ జాడీ, నెయ్యి సీసా, పచ్చి కరివేపాకు, రెండు కొబ్బరికాయలు, డజను జామకాయలు సర్దింది. విమానం ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగింది. ఆ తల్లికి సలహా ఇవ్వండి. జవాబు: ఆవకాయ దాటుతుంది. నెయ్యి పాలపదార్థం, ప్రయాణికుల సామాన్లో బయటి దేశాల నుంచి రానివ్వరు. కరివేపాకుకీ జామకాయలకీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. 2019 డిసెంబరు నుంచి ధ్రువపత్రం అక్కర్లేకుండా తెచ్చుకోదగ్గ పళ్ళు అయిదే: అనాస, కొబ్బరికాయ, డ్యూరియన్, అరటి, ఖర్జూరం. కొబ్బరికాయా అరటిపండూ రెండూ ఉన్నాయంటే బ్రస్సెల్స్‌లో ఎవరో మన పూజ పళ్ళెం చూసే రాసినట్టున్నారు. ఆవకాయ చేరి, నెయ్యి చేరకపోతే ఆ అన్నం ఎలా దిగుతుందన్నది చట్టం పరిధిలోకి రాదు.

ఇది సరదా ప్రశ్న అనుకుంటే పొరపాటు. ఈయూ చట్టం తెలుగువాడి గుమ్మం తట్టేది మహాసూత్రాల్లో కాదు, చట్టాల చివర ఇలాంటి జాబితాలుండే అనుబంధాల్లోనే. 2014 మే 1 నుంచి ఈయూ మన మామిడిపళ్ళనీ, వాటితోపాటు వంకాయ, కాకరకాయ, పొట్లకాయ, చేమలనీ ఆపేసింది. పండు ఈగ వగైరా పురుగులు దొరికాయంది. మామిడి మీద ఆంక్ష 2015 మొదట్లో గానీ తొలగలేదు. 2016లో మన చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం రేవుల్లో చేసే తనిఖీని నూటికి పది సరుకుల నుంచి యాభైకి పెంచింది. మన దేశంలో రొయ్యల సాగులో ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. భీమవరం రైతుకి ఆ పది, యాభై మధ్య తేడా అంటే రేవులో కంటెయినరు పడుండే రోజులు, ఎగుమతిదారు కోసేసే ధర. పురుగులు నిజంగానే దొరికి ఉండొచ్చు, మందులు మనవాళ్ళు నిజంగానే వాడి ఉండొచ్చు. ఆ మాట తేల్చాలన్నా, కాదని వాదించాలన్నా, తప్పు దిద్దుకుని మళ్ళీ గేటు తెరిపించాలన్నా ఆ అనుబంధాలు చదవగలిగినవాడు ఒకడుండాలి. మన పిల్లలు లక్షలు పోసి చదివేది దిజోన్ లిక్కర్ గురించి. భారత్, ఈయూల మధ్య వాణిజ్య ఒప్పందం చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్ళీ లేచాయి. అన్నేళ్ళలో అటువైపు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి ప్రతి అనుబంధంలో ప్రతి అంకె తెలుసు.

అందుకని వెళ్ళొద్దని చెప్పను. చదవాల్సిన చట్టమే. యుద్ధాలతో కొట్టుకుచచ్చిన దేశాలు బీరు గురించి కోర్టులో కొట్టుకునే స్థితికి వచ్చాయంటే అది చిన్న సంగతి కాదు. వెళ్ళే పిల్లలు కాసిస్ తీర్పుతోపాటు రొయ్యల నిబంధనలూ, మిరపకాయల అవశేష పరిమితులూ చదివి రండి. మీ ప్రొఫెసర్‌ని డాంకర్‌వోల్కే దగ్గర కాసేపు ఆపండి. భీమవరంలో, గుంటూరులో, నూజివీడులో మీ కోసం ఎదురుచూసే క్లయింట్లున్నారు. వాళ్ళకి మీ అవసరం ఉందని వాళ్ళకింకా తెలీదంతే.

అక్కడే స్థిరపడదామనుకునే వాళ్ళు మాత్రం లోను కాగితాల మీద సంతకం పెట్టే ముందు 2003 నాటి ఈయూ ఆదేశం ఒకటి తెరిచి నాలుగో అధికరణం చూడండి. బయటి దేశస్తుడు ఒక సభ్యదేశంలో అయిదేళ్ళు చట్టబద్ధంగా, ఎడతెగకుండా ఉంటే దీర్ఘకాల నివాసి హోదాకి అర్హుడవుతాడు. డెన్మార్క్, ఐర్లండ్‌లకి ఇది వర్తించదు. ఆ అయిదేళ్ళ లెక్కలో చదువుకున్న కాలాన్ని సగమే కలుపుతారు. సింగిల్ మార్కెట్ చట్టం రెండేళ్ళు చదివితే, ఆ ఆదేశం లెక్కలో మీరు అక్కడ ఉన్నది ఒక్క ఏడాది.